గుబురు వేరు, కొమ్మ వేరు

మొక్కల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "ప్రతి ఆదివారం మీ బోన్సాయ్ కొసలు గిల్లండి, ఆరు నెలల్లో కొమ్మలు రెట్టింపవుతాయి" అని. కింద వరసగా దండాలు, చప్పట్లు. ఎవరు రాశారో తెలీదు గానీ మాట కొత్తదేం కాదు. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో నర్సరీ మేళా పెట్టినప్పుడు ఏ బోన్సాయ్ స్టాల్ దగ్గరైనా కాసేపు నిలబడండి, మొక్క చేతికిస్తూ చెప్పే ఆఖరి ముక్క ఇదే ఉంటుంది: "గిల్లుతూ ఉండండి సార్, గుబురుగా వస్తుంది."

వస్తుంది. గుబురుగానే వస్తుంది, అందులో అబద్ధం లేదు. నా పేచీ కూడా అక్కడే. పూర్తిగా తప్పు సలహా అయితే ఈపాటికి ఎవరో ఒకరు కొట్టిపారేసేవాళ్లు, సగం నిజం కాబట్టే ఇన్నేళ్లుగా నడుస్తోంది. కొసలో పుట్టే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ పక్క మొగ్గల్ని లేవనివ్వదని, కొస తీసేస్తే అవి లేస్తాయని ఈ పిచ్చి పట్టిన మొదటి నెలలోనే అందరం నేర్చుకుంటాం. ఆ లేచిన మొగ్గ దేని బలంతో పెరగాలి అన్నది మాత్రం ఎవరూ అడగరు. దానికి తిండి ఆకుల నుంచే రావాలి. ఆ ఆకుల్నే మనం వారం వారం గిల్లి పారేస్తున్నాం.

ఎన్నేళ్లు పెంచినా మన చెట్లలో కొమ్మ చీలి రెమ్మ, రెమ్మ చీలి ఇంకా సన్న రెమ్మ అలా వరసగా రాకుండా ఒకచోట ఆగిపోతుంటే, సరిగ్గా కత్తిరించడం లేదేమో అని ఇంకా ఎక్కువ కత్తిరిస్తాం. నేనైతే ఆ ఎక్కువే అసలు జబ్బు అంటాను. ఈ పోస్టంతా ఆ ఒక్క మాట మీదే.

ఆకులు తీసి చూస్తే

మా మామయ్య వాళ్లిల్లు ఈసీఐఎల్ దగ్గర. రిటైరయ్యాక డాబా మీద పెట్టుకున్న ఫైకస్ ఆయనకి ప్రాణం. మర్రి, రావి జాతిదే, నర్సరీల్లో రెటూసా అని అమ్ముతారే, ఆ మైక్రోకార్పా. పొద్దున్నే ఒక చేతిలో కాఫీ గ్లాసు, రెండో చేత్తో చిగుళ్లు గిల్లడం. దూరం నుంచి చూస్తే ఎక్కడా సందు లేకుండా గుండ్రంగా, వచ్చినవాళ్లు "అబ్బ, ఎంత బాగా పెంచారండీ" అనేలా ఉండేది. కిందటేడు తొలకరి పడ్డాక నేను బతిమాలి ఆకులన్నీ తీయించాను. తొడిమ ఉంచి ఆకు మాత్రం కత్తిరించుకుంటూ ఇద్దరం కూర్చున్నాం, భోజనాల వేళకి చెట్టు బయటపడింది. మాను బాగుంది. వేళ్లు పరుచుకున్న తీరు ఇంకా బాగుంది. మాను నుంచి బొటనవేలంత లావున నాలుగు కొమ్మలు బయల్దేరి, జానెడు దూరం ఎక్కడా చీలకుండా పోయి, చివర బుడిపె కట్టి, ఆ బుడిపె మీంచి సన్న రెమ్మలు ఒక్కసారిగా, చీపురు తిరగేసి పట్టుకున్నట్టు లేచి ఉన్నాయి. మామయ్య చుట్టూ తిరిగి చూసి, "ఒరేయ్, ఫొటో తియ్యకు" అన్నాడు.

దీని వెనక పెద్ద రహస్యం లేదు. ఒకే చోట మళ్లీ మళ్లీ గిల్లితే ఆ చోటే నాలుగైదు మొగ్గలు లేస్తాయి, అన్నీ కలిసి అక్కడి కొమ్మను లావెక్కిస్తాయి, చివరికి కొమ్మ మొదలు కంటే కొస లావుగా తయారవుతుంది. పైన గుబురు మూసుకుపోయాక లోపలికి వెలుతురు దిగదు. వెలుతురు దిగని రెమ్మని చెట్టు పోషించదు, ఎండబెట్టేస్తుంది. ఆకు పచ్చగా ఉన్నంతకాలం ఇదేదీ బయటికి తెలీదు.

నమ్మకం కుదరకపోతే మీ వీధిలో కరెంటు తీగల కింద ఉన్న చెట్టు చూడండి. తీగలకి తగలకుండా ప్రతిసారీ ఒకే ఎత్తులో కొట్టేస్తారు. కొట్టినచోట బుడిపె, బుడిపె మీద నిటారుగా లేచిన రెమ్మల గుత్తి, మళ్లీ అక్కడే కోత. కరెంటువాళ్లకైతే తీగలు కాపాడుకోవాలి కాబట్టి తప్పదు. మన డాబా మీద ఏ తీగలూ లేవుగా!

ఒక్క కోత, దగ్గరగా

ఫైకస్ రెమ్మని ఏడెనిమిది ఆకులు వేసేదాకా వదిలేసి, మొదట్లో రెండు ఆకులు ఉంచి కత్తిరించారనుకోండి. పాలు కారతాయి, తడిగుడ్డతో అద్దితే ఆగుతాయి (చొక్కాకి అంటితే మరక పోదు, ముందే చెప్తున్నా). కోతకి దిగువన ఉన్న ఆకు తొడిమ మొదట్లో ఒక చిన్న మొగ్గ ఉంటుంది, కంటికంటే గోటికే ముందు తెలుస్తుంది. వానాకాలంలో కొద్దిరోజులకే అది లేతగా ఉబ్బి, మొనదేలిన పొర కప్పుకుని బయటికొస్తుంది. లోపలి ఆకు విచ్చుకోగానే పొర రాలిపోతుంది, రాలిన చోట కొమ్మ చుట్టూ సన్నగీత మిగిలిపోతుంది. ఫైకస్ కొమ్మని వెలుగులో తిప్పి చూస్తే వరసగా కనిపించే గీతలన్నీ అవే, ఒకప్పటి కణుపులు. ఆకు ఎప్పుడో రాలిపోయినా ఆ గీత దగ్గర మొగ్గ నిద్రపోతూ ఉండొచ్చు. కొమ్మలో సత్తువ ఉన్నప్పుడు కోత పడితే, ఎప్పటివో పాత గీతల దగ్గర కూడా చిగుళ్లు పొడుచుకొస్తాయి. సత్తువ లేని కొమ్మలో కొసన ఒకటో రెండో లేచి ఊరుకుంటాయి. బోన్సాయ్‌లో అందరికీ కావలసింది ఆ లోపలి చిగురే. అది గిల్లితే రాదు, కొమ్మ బలిసి ఉన్నప్పుడు నరికితే వస్తుంది.

ఇంకో సంగతి కూడా మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు. మనం చూసే వీడియోల్లో సగం జపనీస్ మేపుల్ మీద ఉంటాయి. మేపుల్‌కి ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి, కాబట్టి కొస తీస్తే రెండు మొగ్గలు జంటగా లేచి పంగ దానంతటదే పడుతుంది. ఫైకస్‌కి, కాగితం పూల చెట్టుకి ఆకులు ఒకటి అటు, ఒకటి ఇటు. కొస తీస్తే చాలాసార్లు పై మొగ్గ ఒక్కటే లేచి పాత కొస జాగాలో కూర్చుంటుంది. పంగ పడదు, కొమ్మ కాస్త వంకర తిరుగుతుంది, అంతే. రెండో మొగ్గ కూడా లేవాలంటే ఒకటికి సరిపోయే దానికంటే ఎక్కువ బలం వెనకాల ఉండాలి. మేపుల్ చేసే పని ఫైకస్ చేత చేయించాలని వారం వారం గిల్లేవాళ్లకి దొరికేది వంకర్లే.

కాస్త లెక్క

లియొనార్డో డావిన్సీ తన నోట్సులో చెట్ల గురించి ఒక మాట రాసుకున్నాడు: ఏ ఎత్తులోనైనా కొమ్మలన్నీ కలిపి చూస్తే వాటి లావు మాను లావుకి సమానం అని. అన్ని చెట్లకీ అచ్చంగా సరిపోయే సూత్రం కాదు గానీ, కొమ్మల తీరు కంటికి సహజంగా అనిపించడానికి దగ్గరి కొలతే. దాన్ని పట్టుకుని లెక్క వేద్దాం, లావు అంటే ఇక్కడ వ్యాసం కాదు, కొమ్మని అడ్డంగా కోస్తే కనబడే ముఖం వైశాల్యం. 20 మి.మీ. వ్యాసం ఉన్న కొమ్మ సమానంగా రెండుగా చీలితే ఒక్కోటి సుమారు 14 మి.మీ. ఉండాలి. అది చీలితే 10, తర్వాత 7, 5, 3.5, చివరికి 2.5. అంటే బొటనవేలంత కొమ్మ నుంచి సన్న రెమ్మ దాకా రావాలంటే ఆరు పంగలు పడాలి, అప్పటికి ఒక్క కొమ్మకే 64 కొసలు. చేత్తో పెంచే చెట్టులో అన్నీ సమానంగా చీలవు, కొన్ని పోతాయి, అదంతా సరే. మామయ్య చెట్టులో 20 తర్వాత వెంటనే 2.5 వచ్చింది, మధ్యలో ఉండాల్సిన ఐదు మెట్లూ లేవు.

ఆ మెట్లు ఎలా వస్తాయి? రెమ్మ లావెక్కేది దాని పైన ఉన్న ఆకుల వల్లే. 14 మి.మీ. ముక్క కావాలంటే ఆ రెమ్మని మూరెడో రెండు మూరలో సాగనిచ్చి, లావు వచ్చాక పొట్టిగా నరికి, అప్పుడు లేచిన వాటిలో రెండింటిని ఎంచుకుని, మళ్లీ వాటిని వదిలేయాలి. దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ వైపు లింగ్నాన్ పద్ధతిలో బోన్సాయ్ పెంచేవాళ్లు చేసేది ఇదే. వైరు చుట్టి వంచడం కంటే పెంచడం, నరకడం మీదే వాళ్ల పనంతా నడుస్తుంది. అక్కడా ఫైకస్‌లు ఉన్నాయి, వేడీ తేమా ఉన్నాయి, కాబట్టి జపాన్ పుస్తకాల కంటే వాళ్ల పనితీరే మన డాబాలకి దగ్గరని నా నమ్మకం. జర్మనీలో ఉండే బోన్సాయ్ నిపుణుడు వాల్టర్ పాల్ కూడా ఎన్నాళ్లనుంచో, అదేపనిగా గిల్లకండి, చెట్టుని పెరగనిచ్చి ఆ తర్వాత ఒకేసారి కంచె కత్తిరించినట్టు కత్తిరించండి అంటున్నాడు. ఆయన చెప్పేది మంచు పడే చోట ఆకు రాల్చే చెట్ల గురించి, దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి దింపుకోలేం. కానీ చెట్టుని ఊపిరి తీసుకోనివ్వని ఆ గిల్లుడు మీద ఆయనకున్న చిరాకు చూస్తే మనవాడే అనిపిస్తుంది.

మరి గిల్లడమే వద్దా?

వద్దని అనను. ఆరు పంగలూ పడ్డ చెట్టుకి ఇక పనల్లా ఉన్నది కాపాడుకోవడమే, అక్కడ గిల్లాలి. లేకపోతే సన్న రెమ్మలు లావెక్కి ఇన్నేళ్ల పనీ పాడవుతుంది. ఆ దశకి చేరిన చెట్లు మన ఊళ్లో ఎన్ని ఉన్నాయి అన్నదే నా ప్రశ్న. ఇల్లు కట్టకముందే రంగులు వేసే తొందర మనది.

గట్టి అభ్యంతరం ఇంకోటుంది. వానాకాలంలో ఫైకస్‌ని వదిలేస్తే కణుపు కణుపుకీ మధ్య దూరం పెరిగిపోతుంది, అలాంటి కొమ్మ తర్వాత దేనికీ పనికిరాదు, అందుకే ముందే గిల్లాలి అంటారు. నిజమే, నేనూ దీని గురించి చాలా తర్జనభర్జన పడ్డాను. కానీ రెమ్మ మొదట్లో వేసే ఒకటి రెండు కణుపులు సాధారణంగా దగ్గర దగ్గరగానే ఉంటాయి, మనం వెనక్కి నరికేది కూడా అక్కడికే. మధ్యలో సాగిన పొడుగంతా ఎలాగూ పోయేదే. మొదటి కణుపు కూడా దూరంగా పడుతోందంటే చూడాల్సింది ఎండ. నీడపట్టున పెట్టి, యూరియా దట్టించి, నీళ్లు పోస్తూ పోతే కత్తెర ఏం చేస్తుంది పాపం.

వదిలేసినప్పుడు పైకొమ్మలు బలిసి కింది కొమ్మల్ని నీడలో ముంచుతాయన్నది కూడా కాదనలేను. ఫైకస్ మరీను, బలమంతా నెత్తికెక్కించుకుంటుంది. అందుకని చెట్టంతా ఒకేలా వదలకూడదు. పైభాగాన్ని అదుపులో పెట్టి, కింది కొమ్మల్ని, బలహీనంగా ఉన్నవాటిని వదలాలి. ఇక్కడ వారానికోసారి లాంటి లెక్కలు పనికిరావు, ఏ కొమ్మకి ఆ కొమ్మే.

ఇక అపార్ట్‌మెంట్ గోల. రెండు మూరలు సాగిన రెమ్మలతో ఉన్న చెట్టు బాల్కనీలో సగం తింటుంది, బట్టలు ఆరేసుకోనివ్వదు. మా అమ్మ అయితే చుట్టాలు వస్తున్నారంటే "ముందు ఆ పిచ్చి చెట్టుని వెనక్కి పెట్టరా" అంటుంది. రెండేళ్లు, మూడేళ్లు అలాంటి ఆకారాన్ని ఇంట్లో భరించమనడం తేలికైన సంగతేం కాదని ఒప్పుకుంటాను. చోటు లేనివాళ్లు తక్కువ చెట్లు పెంచుకోవడం తప్ప నా దగ్గర వేరే సలహా లేదు.

అన్నిటికంటే నన్ను ఆపిన అభ్యంతరం మామయ్యదే. "నేను దీన్ని ఎగ్జిబిషన్‌కి పెంచుతున్నానా ఏంటిరా? పొద్దున్నే రెండు చిగుళ్లు గిల్లితే నాకు రోజు మొదలైనట్టు ఉంటుంది" అన్నాడు. దీనికి ఎదురు చెప్పాలనిపించలేదు. మంచి కొమ్మల కోసం ఆ పొద్దుటి పావుగంట వదులుకోమని అడిగే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ పావుగంట ఫైకస్ దగ్గరే గడపాలని లేదుగా. ఒక జేడ్ మొక్క ఇచ్చి వచ్చాను. దాని ఆకులు ఎదురెదురుగానే వస్తాయి, గిల్లినచోట జంటగా చిగుళ్లేస్తాయి, గిల్లేవాడికి తృప్తి. ఫైకస్ బుడిపెల్ని మాత్రం ఇద్దరం కలిసి నరికేశాం, నరికేటప్పుడు ఆయన మొహం చూడలేకపోయాననుకోండి.

మన ఎండలు, మన వానలు

గ్రూపుల్లో తిరిగే సలహాల్లో నెలలు ఎక్కడివో ఉంటాయి. హైదరాబాద్‌లో నా లెక్క కార్తెలతో నడుస్తుంది. ఫిబ్రవరి ఆఖరుకి చెట్టు కదులుతుంది, అప్పుడు పోషణ మొదలుపెడతాను, వేపపిండి గానీ నూనె తీశాక మిగిలే చెక్క నానబెట్టిన నీళ్లు గానీ. మే నెల జోలికి పోను. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆకులు తీసేసిన కొమ్మల లేత బెరడు ఆ ఎండకి ఏం తట్టుకుంటుంది? వేసవిలో ఆకే కొమ్మకి గొడుగు. మృగశిర వచ్చి నాలుగు వానలు పడ్డాక పెద్ద కోత, చెట్టు ఆరోగ్యంగా ఉంటే అప్పుడే ఆకులు తీయడం. మళ్లీ వానలు వెనకపట్టు పట్టే ముందు ఇంకో కోత. దసరా దాటాక పెద్ద పనులేం పెట్టుకోను, డిసెంబరు, జనవరి చలిలో కోత వేస్తే చిగురు రావడానికి నెలలు పడుతుంది.

ఆకులు తీయడం గురించి ఒక మాట. అది కొమ్మల్ని చీలుస్తుంది, తర్వాతి ఆకు చిన్నదవుతుంది, లోపలికి వెలుతురు వస్తుంది, అన్నీ నిజమే. కానీ ఆకులు తీసిన కొమ్మ కొన్నాళ్లు లావెక్కడం మానేస్తుంది. ఇంకా 14లు, 10లు తయారు కావలసిన చెట్టుకి ఏటా ఆకులు దూస్తుంటే మనకి మనమే అడ్డం పడ్డట్టు. ఆ మాటకొస్తే మామయ్య చెట్టుకి ఆకులు తీయించింది కూడా కొమ్మల కోసం కాదు, లోపల ఏముందో చూడ్డం కోసం.

చూడ్డం అనేది చిన్న పనేం కాదు. జపాన్‌లో మేపుల్, జెల్కోవా లాంటివి చలికాలం మొత్తం ఆకుల్లేకుండా నిలబడతాయి, పెంచేవాడికి ఏటా తన పని తనకే కనబడుతుంది. మన ఫైకస్ ఏడాదంతా పచ్చగా ఉండి మన లోపాలన్నీ దాచేస్తుంది. కావాలంటే ఫిబ్రవరి, మార్చిల్లో కేబీఆర్ పార్కు వైపు నడవండి, ఆకు రాల్చిన చెట్లు బోలెడు. ఏ గుడి దగ్గరో రావిచెట్టు ఆకు రాల్చి కొత్త చిగురు తొడిగే ముందు కొద్దిరోజులు దొరుకుతుంది, ఆ కాస్త వ్యవధిలో దాని కొమ్మలు చూడాలి. ఇక చేవెళ్ల రోడ్డు మర్రులు. రోడ్డు వెడల్పు కోసం తీసేయాలా వద్దా అని ఏళ్ల తరబడి ఎన్జీటీలో (జాతీయ హరిత ట్రిబ్యునల్) నలిగినవి, దాదాపు 900 చెట్లు. మొయినాబాద్ దాటాక ఎక్కడైనా బండి పక్కకి ఆపి ఒక మర్రి కిందికి వెళ్లి నెత్తి పైకెత్తండి. లోపలంతా ఖాళీ. మనిషి నడుమంత కొమ్మలు నిదానంగా చీలుతూ, సన్నబడుతూ పోయి, ఆకు ఉండేదల్లా అంచున. బయటి నుంచి చూస్తే మాత్రం అదీ గుబురే. ఫైకస్ బోన్సాయ్ పెంచేవాళ్లకి అంతకంటే మంచి పాఠం ఏ వీడియోలోనూ దొరకదు.

అమ్మేవాళ్లు, చూపించేవాళ్లు

నర్సరీవాళ్ల మీద నాకు కోపం లేదు. ఒకతను తేల్చి చెప్పాడు: "గుబురు లేకపోతే కొనేవాళ్లు లేరు సార్. కొమ్మలు చూసి కొనేవాళ్లు ఏడాదికి ఇద్దరొస్తారు, వాళ్లూ బేరమాడి వెళ్లిపోతారు." ఆ ఇద్దరిలో నేనొకణ్ణి కాబట్టి మాట్లాడలేకపోయాను. జిన్‌సెంగ్ ఫైకస్ పేరుతో వచ్చే లావువేళ్ల మొక్కలు చూడండి, మొద్దు మీద చిన్నాకు రకం అంటు కట్టి, ఆకుల గుత్తి నాలుగు చోట్ల నిలబెట్టి పంపిస్తారు. కొమ్మ అనేదే లేదు అందులో. ఇంటికి తెచ్చుకుని ఆ గుత్తిని గిల్లుతూ కూర్చుంటే ఎన్నేళ్లయినా గుత్తే.

కాబట్టి మార్పు రావాల్సింది ప్రదర్శనల్లో. టోక్యో ఉయెనోలో 1934 నుంచి జరుగుతున్న కోకుఫు బోన్సాయ్ ప్రదర్శన ఫిబ్రవరిలో పెడతారు, ఆకు రాల్చే చెట్లన్నీ అక్కడ బోసిగా నిలబడతాయి, చూసేవాళ్లు కొమ్మల కోసమే వస్తారు. లింగ్నాన్ వాళ్లయితే ఆకులు తీసేసి మరీ ప్రదర్శనకి పెడతారు. మన ఊళ్లో బోన్సాయ్ బల్లల మీద పచ్చటి గుండ్రాలు వరసగా పేర్చి బహుమతులిస్తాం. జడ్జి ఆకుల్ని పక్కకి తప్పించి లోపలికి చూడటం నేనెప్పుడూ చూడలేదు. కనీసం ఫైకస్‌లకి ఒక విభాగం ఆకులు తీసి పెట్టాలని నిబంధన పెడితే, రెండేళ్లలో జనం గిల్లడం మానేసి పెంచడం మొదలుపెడతారు. కాలం అడ్డొస్తుందని తెలుసు. మన షోలు ఎక్కువగా చలికాలంలో, ఆకులు తీయకూడని రోజుల్లోనే ఉంటాయి, కాబట్టి ఈ విభాగం వానాకాలంలో విడిగా పెట్టుకోవాల్సి వస్తుంది. వానలో జనం రారని, వచ్చినా బోసి చెట్టు చూసి వెళ్లిపోతారని ఒక నిర్వాహకుడు నాతో అన్నాడు. ఆయన భయం నిజమే. నేను ఒకసారి ఆకులు తీసిన చింతచెట్టు పెడితే ఒకావిడ "అయ్యో, ఎండిపోయిందా బాబూ?" అని ఎంతో బాధగా అడిగింది. ఈ వానాకాలం ఎవరైనా అలాంటి విభాగం పెడితే, అలా అడిగినవాళ్లందరికీ కొమ్మలు చూపించి వివరించడానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా బల్ల పక్కన నేను నిలబడతాను. మామయ్యని కూడా తీసుకొస్తాను, అయితే తన చెట్టు మాత్రం ఇంకో మూడేళ్లదాకా అడగొద్దన్నాడు.